ఉరిమితే మూతపడే వాన పేజీ

ఇప్పటి పిల్లలు ఫోన్‌లో ఒక బొమ్మ పెడితే అవతలి దేశంలో ఉన్నవాడు ఆవులించేలోపు చూసేస్తాడు. అందులో మీ గొప్పేమీ లేదు, కోపం తెచ్చుకోకండి. కదిరిలో ఒక ఇంట్లో, నులకమంచం పక్కన పెట్టిన కంప్యూటర్ని లోకమంతటికీ కనిపించేట్టు చేసినవాణ్ణి నేను. అదీ రెండువేల ఆరు, ఏడు ప్రాంతంలో, మామూలు టెలిఫోన్ తీగ మీద. రిటైరై ఇన్నేళ్లయినా ఈ మాట చెప్పేటప్పుడు నా చెయ్యి దానంతటదే మీసం మీదికి పోతుంది. పోనివ్వండి, చేసిన పని చేశానని చెప్పుకుంటే తప్పేముంది.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో టెక్నీషియన్ని. కొత్త కనెక్షన్ ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ, వాళ్లిచ్చిన కాఫీ తాగి లేచే ముందు ఒక పాఠం చెప్పేవాణ్ణి. “ఉరిమితే చాలు, ఫోన్ వైరు పీకెయ్యండి. మెరుపు తీగెంబడి వచ్చిందంటే మాడి మసైపోతాది. ఆ తర్వాత నా కాడికొచ్చి ఏడిస్తే నేనేం చేసేకి ల్యా” అనేవాణ్ణి. మా దిక్కు వాన రావడమే అపురూపం. వచ్చిన రోజు మాత్రం పిడుగుల్ని వెంటబెట్టుకుని వస్తుంది. ఆ పాఠం వల్ల ఎన్ని ఫోన్లు బతికిపోయాయో లెక్కలేదు. కదిరి నుంచి నల్లమాడ దాకా నా పాఠం రాని ఇల్లు లేదని నాకు మహా గర్వం. ఈ గర్వాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, దీనితో పనుంది.

ఒకరోజు ఒక అమ్మాయి ఎక్స్ఛేంజీకి వచ్చింది. ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే లెక్చరరు. ఊరికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో ముందుగా తీసుకున్న వాళ్లలో ఒకతె.

“సార్, మా ఇంట్లో నేనొక పేజీ చేసినా. మా ఇంట్లో బాగా కనపడతాంది. గడప దాటి పోవడం ల్యా,” అంది.

“గడప దాటి యాడికి పోవల్లమ్మా?”

“బత్తలపల్లెకు. మా నాయన కాడికి,” అంది.

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడిగితే విషయం చెప్పింది. వాళ్ల నాయనది నల్లమాడ దగ్గర పల్లె, గొర్రెల కాపరి. ఎండలు ముదిరితే మేత కోసం మందను తోలుకుని దూరాలు పోతాడు. తొలకరికి ఎక్కడ వాన పడి గుంట నిండిందో తెలుసుకుని అటు మళ్లాలి. వాన లేని దిక్కుకు మళ్లాడా, నీళ్లూ మేతా లేక గొర్రెలు దారిలోనే కూలబడతాయి. కిందటేడు ఎవరో ఫోన్‌లో “ఈ దిక్కు వాన దంచింది” అని చెప్తే నమ్మి పోయాడు. అక్కడ ఒక్క చుక్క లేదు. మందలో సగం పోయింది. ఈసారి కూడా అలాగైతే మిగిలిన సగాన్ని అనంతపురం సంతకు తోలేస్తానని, మళ్లీ కర్ర పట్టనని ఇంట్లో చెప్పేసి పోయాడట. ఇప్పుడు మంద బత్తలపల్లె దగ్గరుంది.

ఆ అమ్మాయి దీనికి ఒక ఉపాయం కట్టింది. చుట్టుపక్కల ప్రతి పల్లెలోనూ ఫోనున్న అంగడాయనతో మాట్లాడి పెట్టుకుంది. వాన పడితే ఆయన వీళ్లింటికి ఫోన్ చేసి తన నోటితో చెప్పాలి. ఫోన్ స్పీకర్ దగ్గర మైకు పెట్టి ఆ గొంతును కంప్యూటర్లోకి పట్టి, పేజీలో ఆ పల్లె పేరు పక్కన పెడుతుంది. మండలాల్లో నెట్ సెంటర్లు వచ్చేశాయి గదా, కాపరులు అక్కడికి పోయి వినొచ్చు. వాళ్ల నాయనకు చదువు రాదు. కానీ ఆ అంగళ్లలో బీడీలు కొన్నవాడు, ప్రతి గొంతూ తెలిసినవాడు. ఊరికే స్థలమిచ్చే పరదేశపు సైట్లేమో ఇన్ని గొంతులు పట్టవన్నాయి. డబ్బిచ్చి కొనాలంటే బ్యాంకు కార్డు కావాలి, అది వాళ్లింట్లో ఎవరికీ లేదు. అందుకని ఇంట్లో కంప్యూటర్నే సర్వర్ చేసుకుంది.

నాకు ఆ ఉపాయం తెగ నచ్చింది. సర్వర్ బయటికి చూపించడం మా డ్యూటీలో లేదు. అయినా, “అదెంత పని, సాయంత్రానికి అయిపోతాది,” అన్నాను. నాకు అప్పటిదాకా ఆ పని చేసిన అనుభవం లేదన్న సంగతి నేను ఆమెకు చెప్పలేదు, నాకూ చెప్పుకోలేదు.

మా లైన్‌మన్ని వెంటేసుకుని వాళ్లింటికి పోయాను. నాకంటే పెద్దవాడైనా నన్ను అన్నా అనే పిలిచేవాడు, స్తంభం ఎక్కితే దిగేదాకా పాటలు పాడే మనిషి. ఇంట్లో ఆ అమ్మాయి, వాళ్ల అవ్వ ఇద్దరే. అవ్వ అంటే నాయన తల్లి. నన్ను చూడగానే, “నువ్వేగదప్పా, ఉరిమితే వైరు పీకమన్యావు!” అంది. చూశారా నా కీర్తి.

పని సంగతి మీకు రెండు ముక్కల్లో చెప్తాను. మోడెం అనేది గడప దగ్గర కూర్చున్న మనిషి అనుకోండి. లోపలివాళ్లు బయటికి పోతే అడ్డం చెప్పడు. బయటినుంచి ఎవరైనా వస్తే మాత్రం ఎవరి కోసం వచ్చారో తెలియక తిప్పి పంపేస్తాడు. “పేజీ కావాలన్నోళ్లు వస్తే ఫలానా కంప్యూటర్ దగ్గరికి పంపు” అని వాడికి చెప్పిపెట్టాలి. ఇక రెండోది అడ్రసు, అంటే నెట్‌లో బయటివాళ్లు ఈ ఇంటిని పట్టుకునే నంబరు. మేమిచ్చే అడ్రసు మోడెం ఆపి పెట్టిన ప్రతిసారీ మారిపోయేది. అందుకని ఒక పేరు తీసుకుని, అడ్రసు మారినప్పుడల్లా ఆ పేరుకు కొత్త అడ్రసు చేరవేసే చిన్న ప్రోగ్రాం కంప్యూటర్లో పెట్టాలి. అంతే.

అంతే అన్నాను గానీ, ఆ మధ్యాహ్నం నా తల ప్రాణం తోకకొచ్చింది. మోడెంకి చెప్పాల్సింది చెప్పాను, పేరు పెట్టాను. ఆ అమ్మాయి కంప్యూటర్లోనే ఆ పేరు కొట్టి చూస్తే తెరుచుకోదు. చెప్పింది చెరిపి మళ్లీ చెప్తాను, తెరుచుకోదు. మోడెం మార్చాను. అదీ అంతే. అవ్వ గడప మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ, “రిపేరి చేస్తాండావా, చెడగొడతాండావా?” అని అడిగింది. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. లైన్‌మన్ ఇక చూడలేక టీ తాగొస్తానని వీధిలోకి పోయాడు.

కాసేపటికి ఫోన్ మోగింది. అవతల లైన్‌మనే. టీ అంగడి పక్కన నెట్ సెంటర్ నుంచి మాట్లాడుతున్నాడు.

“అన్నా, నువ్వు కొట్టే పేరే ఈడ కొడితే ఊర్ల పేర్లు కనపడతాండాయి. ఒక ఊరి మీద నొక్కితే ఎవరో ముసలాయప్ప ‘వానా లేదు, మబ్బూ లేదు’ అని తిడతాండాడు. ఇదేనా నువ్వు కిందామీదా పడతాండేది?”

పని ఎప్పుడో అయిపోయింది! ఆ రకం మోడెం ఇంట్లోవాడే బయటి పేరు పెట్టి తలుపు కొడితే పలకదు, బయటివాడు కొడితేనే పలుకుతుంది. నేను ఇంట్లో కూర్చుని బయటినుంచి చూస్తున్నానని అనుకున్నాను. మీలో ఎవరైనా ఈ పనికి దిగితే ఈ ఒక్కటి నా దగ్గర నేర్చుకోండి. బయటికి కనిపిస్తోందా అని తెలియాలంటే బయటికే పోవాలి. లైన్‌మన్ మాత్రం ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి ఫాల్టుకీ, “అన్నా, టీ తాగొస్తే పోతాదేమో,” అనేవాడు.

ఆ సాయంత్రమే నేను బత్తలపల్లె నెట్ సెంటరాయనకు ఫోన్ చేసి పేజీ పేరు చెప్పాను. ఆయన గొర్రెలాయన్ని పిలిపించి వినిపించాడట. ఆయన అన్నీ విని, “అన్ని ఊర్లలో లేదంటాండారు. ఇది నిజమే చెప్తాది మాదిరి ఉండాదే,” అన్నాడట. ఆ మాట విని ఆ అమ్మాయి ఎంత నవ్విందో. ఒక వాన పడి, ఒక మంచి కబురు పేజీలోకొస్తే మంద ఇంటికొస్తుందని ఆమె ధైర్యం.

తర్వాత కొన్నాళ్లు పేజీ దివ్యంగా నడిచింది. వాన మాత్రం రాలేదు.

వచ్చిన రోజు చెప్తాను. భోజనాల వేళ దాటగానే నల్లమాడ దిక్కు ఆకాశం కాటుక పూసినట్టయింది. నేను ఎక్స్ఛేంజీ వరండాలో నిలబడి, ఈపాటికి పేజీలో గొంతు వచ్చేసి ఉంటుంది, నా సర్వర్ దాన్ని బత్తలపల్లెకు చేర్చేసి ఉంటుంది అనుకుంటూ మురిసిపోతున్నాను. నా సర్వర్ అట! అప్పుడే ఫోన్ మోగింది. బత్తలపల్లె నెట్ సెంటరాయన.

“సారూ, గొర్రెలాయప్ప వచ్చి కూర్చోనుండాడు. పేజీ తెరుచుకోవడం ల్యా. రోడ్డు మీద సంతకు పోయే లారీ నిలబడుండాది. బేరగాడు ఎక్కియ్యమని ఒకటే తొందర.”

“ఆయప్పకియ్యి ఫోను,” అన్నాను. ఇచ్చాడు.

“పెద్దాయనా, నల్లమాడ దిక్కు మబ్బు నల్లగా దిగిండాది. కచ్చితంగా పడతాంటాది. లారీ ఎక్కించొద్దు,” అన్నాను.

“నువ్వు వాన సూసినావా అప్పా?”

“మబ్బు సూసినా.”

“మబ్బు నేనూ సూస్తాండా. నా గొర్రెలు మబ్బు మేయవు.”

“మీ పాపతో చెప్పిస్తా, ఉండు.”

“అదా? మంద అమ్మొద్దని అది ఏడుస్తాండాది. నాకోసరం లేని వాన గూడా కురిపిస్తాది. దాని మాట వద్దు. నీ మాటా వద్దు. మా పల్లె అంగడాయప్ప గొంతు ఇనిపియ్యి, ఇంటా.”

“ఇనిపిస్తా. లారీని ఆపు.”

“బేరగాడిని అన్నం తినొచ్చుకో పొమ్మంటా. వాడు తిని వచ్చినాక ఆపేకి నాతో కాదు,” అని పెట్టేశాడు.

నేను వెంటనే నల్లమాడ దగ్గర వాళ్ల పల్లె అంగడికి ఫోన్ చేశాను. మోగుతుంది, ఎత్తేవాడు లేడు. పక్క పల్లెకు చేశాను. అంతే. ఇంకో పల్లె, ఇంకో పల్లె. అటువైపు ఒక్క ఫోనూ పలకలేదు. అప్పుడు తట్టింది నాకు. ఎందుకు పలుకుతాయి? ఉరుములు మొదలయ్యాయి గదా! నా శిష్యులందరూ చెప్పిన పాఠం తప్పకుండా వైర్లు పీకి పక్కనపెట్టి కూర్చున్నారు. ఆ అమ్మాయి ఇంట్లో అవ్వ మాత్రం ఊరుకుంటుందా?

ఒరే బుద్ధి తక్కువవాడా, వాన కబురు చెప్పే పేజీ కట్టి, వాన రాగానే దాన్ని మూసెయ్యమని ఊరందరికీ నేర్పింది నువ్వే గదరా అని నన్ను నేను తిట్టుకుంటూ స్కూటర్ తీశాను. లైన్‌మన్ వెనక ఎక్కాడు. ఇల్లు చేరేసరికి చినుకులు కదిరిలోనూ పడుతున్నాయి. కరెంటు కూడా పోయింది.

అవ్వ మోడెంని కంబళిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చంటిపిల్లకు జలుబు చేస్తుందేమో అన్నట్టు పట్టుకుంది. ఆ అమ్మాయి కళ్లనిండా నీళ్లు.

“సార్, మా పల్లె అంగడి మామ ఫోన్ చేసినాడు. గొంతు పట్టినా, పేజీలో పెట్టేసినా. పెట్టిన నిమిషానికే అవ్వ వైరు పీకేసింది. ఇప్పుడు తగిలించనిస్తా ల్యా.”

అంటే కబురు ఇంట్లోకి వచ్చింది, బయటికి దారి మూసుకుంది. నేను మోడెం కోసం చెయ్యి చాపాను. సరిగ్గా అప్పుడే ఇంటి నెత్తిన ఒక పిడుగు పేలింది. అవ్వ నా చేతి మీద ఒక్కటిచ్చింది.

“పీకమన్నోడివి నువ్వే, పెట్టమనేవాడివి నువ్వే! నా మనమరాలి మిషను మాడిపోతే నీ జీతంలోంచి కొనిస్తావా?”

ఆమె తప్పేం లేదు. అప్పుడు వైరు తగిలిస్తే కంప్యూటరూ, అందులో ఉన్న గొంతూ రెండూ బూడిదయ్యేవి. పైగా కరెంటు లేదు. నేను ఒక్క క్షణం నిలబడిపోయాను. నిలబడిన ఆ క్షణంలోనే, నా ముప్పై ఏళ్ల సర్వీసులో వచ్చిన ఉపాయాల్లోకెల్లా మంచి ఉపాయం వచ్చింది. గొప్పలు పోతున్నాననుకున్నా సరే, అదే నిజం.

“అవ్వా, ఆ కంబళి ఇట్లియ్యి. కంప్యూటర్ని మా ఆఫీసుకు తీసకపోతాండా,” అన్నాను.

ఊళ్లో ఏ ఇంటి ఫోన్ తీగైనా చివరికి ఎక్స్ఛేంజీలో ఒక పెద్ద ఇనుప చట్రానికే వచ్చి చేరుతుంది. చట్రానికి ఒక పక్క వీధి తీగలు, ఇంకో పక్క మా మిషన్ల తీగలు. రెంటికీ మధ్య బొటనవేలంత బిళ్ల ఉంటుంది. ఆ బిళ్ల లాగేస్తే వీధితో సంబంధం తెగిపోతుంది, మెరుపు ఎంత తన్నుకున్నా లోపలికి రాదు. వీళ్ల నంబరు బిళ్ల తీసి, మోడెంని మా మిషన్ పక్క తగిలించామంటే, కంప్యూటర్ ఎక్స్ఛేంజీలో ఉన్నా లోకానికి అది ఆ ఇంట్లో ఉన్నట్టే. మాకు బ్యాటరీలున్నాయి, కరెంటుతో పని లేదు. అవ్వ నమ్మిందో లేదో గానీ కంబళి ఇచ్చింది. వానకు చుక్క దిగనివ్వని సొంత మంద ఉన్ని కంబళి అది.

లైన్‌మన్ స్కూటర్ వెనక కంప్యూటర్ని ఒడిలో పెట్టుకుని, కంబళి కప్పి, గట్టిగా పాట అందుకున్నాడు. భయమేస్తే ఇంకా గట్టిగా పాడతాడు. ఆ అమ్మాయి ఆటోలో మా వెనకే వచ్చింది. బిళ్ల లాగాను, మోడెం తగిలించాను, దీపాలు వెలిగాయి. కంప్యూటర్ లేచింది. చిన్న ప్రోగ్రాం కొత్త అడ్రసును పేరుకు చేరవేయాలి గదా, ఆ కాసేపూ ముగ్గురం మోడెం దీపాల వైపే చూస్తూ నిలబడ్డాం. ఇంట్లోంచి చూసి మోసపోయిన పాఠం గుర్తుంది. పేజీని నేను అక్కడ తెరవనే లేదు. నేరుగా బత్తలపల్లెకు ఫోన్ చేశాను.

“బేరగాడు వచ్చేసినాడు సారూ,” అన్నాడు నెట్ సెంటరాయన.

“పేజీ తెరువు.”

టకటకమని కొట్టిన చప్పుడు. “తెరుచుకోల్యా.”

“మళ్లీ తెరువు!”

“ఉండండి, ఉండండి… వస్తాంది. ఊర్ల పేర్లు వచ్చినాయి!”

“నల్లమాడ పక్కనుండే పల్లె నొక్కు. ఫోన్ పెట్టెయ్యొద్దు.”

నేను రిసీవర్ని ఆ అమ్మాయికీ వినపడేట్టు పట్టుకున్నాను. అవతల కంప్యూటర్లోంచి అంగడాయన గొంతు అరుస్తోంది. “వాన దంచుతాందిమ్మే! గుంటలోకి నీళ్లు దిగుతాండాయి! నేను చెప్పేది ఇనపడతాందా, రేకుల మీద సప్పుడుకు నాకే ఇనపడడం ల్యా!” ఆ గొంతు వెనకాల రేకుల మీద వాన హోరు, దాని వెనకాల ఉరుము.

అయిపోయాక గొర్రెలాయన అన్నాడు, “మళ్లీ పెట్టు.”

మళ్లీ పెట్టారు. ఈసారి ఆయన మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు, “అంగడాయప్పన్నా అబద్ధం చెప్తాడు. రేకులు చెప్పవు,” అన్నాడు. ఆ వెంటనే గట్టిగా కేక వేశాడు. “ఏమప్పా బేరగాడా, నీ లారీ తీసుకోని పో! నా మంద ఇంటికి పోతాంది!”

ఆ అమ్మాయి చట్రానికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. లైన్‌మన్ కళ్లజోడు తుడుచుకున్నాడు. వాన నీళ్లన్నాడు. నేను ఏడవలేదని నేను చెప్పను.

అంతలో మా ఇంజనీరు సారు లోపలికొచ్చాడు. కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. చట్రం పక్కన కారుతున్న కంబళి, కింద కంప్యూటరు, ఏడుస్తున్న లెక్చరరు. “ఏంటయ్యా ఇదంతా?” అన్నాడు.

“సబ్‌స్క్రైబర్ కంప్లయింట్ సార్. అటెండ్ అయినా,” అన్నాను.

ఆయన ఒకసారి కంబళిని చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. “వాన తగ్గాక తీసెయ్యండి,” అని పోయాడు. అంతకంటే మంచి అధికారిని నేను చూడలేదు.

ఇక ఆ ఇంటికి శాశ్వతంగా మందు వెయ్యాలి గదా. పెరట్లో గొయ్యి తీయించి రాగిపలక దించి, ఉప్పూ బొగ్గులూ పోసి పూడ్చాను. మెరుపు తీగలోకి వస్తే నేలలోకి లాగేసే పరికరం గోడకు బిగించాను. కరెంటు పోయినా నడిచేట్టు లారీ బ్యాటరీ ఒకటి పెట్టించాను. అయితే మా నేల సంగతి మీకు తెలుసు, ఎండితే బండ. పొడి నేల మెరుపును మింగదు. “అవ్వా, ఈ గుంత ఎప్పుడూ తడిగా ఉండల్ల. రోజూ ఇన్ని నీళ్లు పొయ్యి,” అన్నాను.

“తాగేకి బిందె నీళ్లు ల్యాకపోతే గుంతకు యాడ తెచ్చేది?” అంది. కానీ ఆ మర్నాటి నుంచి అంట్లు కడిగిన నీళ్లు ఒక్క చుక్క కూడా వీధిలో పారబొయ్యలేదు. అన్నీ ఆ గుంతకే. వైరు పీకడం ఆనాటితో మానేసింది. ఉరిమినప్పుడల్లా మాత్రం ఎక్స్ఛేంజీకి ఫోన్ చేసి, “ఏమప్పా, ఉరుముతాంది. ధైర్యంగా ఉండల్లా?” అని నన్ను నిలదీసేది.

వారమో, పది రోజులో గడిచాక బ్యాటరీ చూద్దామని ఆ ఇంటికి పోయాను. అవ్వ అంట్లు తోమిన నీళ్ల గిన్నె చంకనబెట్టుకుని పెరట్లోకి పోతోంది. అప్పుడు ఫోన్ మోగింది. ఆ అమ్మాయి స్పీకర్ నొక్కి మైకు దగ్గరికి జరిపింది. వాళ్ల నాయన. నల్లమాడ పక్కన ఆ అంగడి నుంచే.

“పాపా, నా గొంతు గూడా పట్టుకో, పేజీలో పెట్టు. మన దిక్కు కాపరులందరికీ చెప్పు. గుంట నిండింది. గడ్డి ఏలెడు లేసింది. మందలు తోలుకోని రండి.” కాస్త ఆగాడు. “నా మాట నమ్మొద్దండి. ఇదో, ఇనండి.”

రిసీవర్ని అంగడి బయటికి చాపినట్టున్నాడు. ముందు గాలి హోరు. తర్వాత మెడగంటలు. ఆ తర్వాత ఒకటీ రెండూ కాదు, మంద మొత్తం అరుపు గదినిండా పరుచుకుంది. పొట్టనిండా మేసిన గొర్రెల అరుపు వేరుగా ఉంటుంది, ఆ ఇంట్లో వాళ్లకు అది చెప్పక్కర్లేదు.

ఫోన్ పెట్టేశాడు. ఆ అమ్మాయి గొంతును పేజీకి ఎక్కిస్తోంది. అవ్వ గుమ్మంలో నీళ్ల గిన్నె దించకుండా అలాగే నిలబడిపోయింది.

“మళ్లీ పెట్టు,” అంది.